పేరులో ఎగువ, నేల మీద దిగువ: హులు సుంగై ఉతారా కథ

బోర్నియో దీవిలో ఇండొనేషియా వైపున్న భాగాన్ని కలిమంతాన్ అంటారు. దాని దక్షిణ ప్రావిన్స్‌లో హులు సుంగై ఉతారా అనే ఒక చిన్న జిల్లా ఉంది. హులు అంటే ఎగువ, సుంగై అంటే నది. ఉతారా మన ఉత్తరమే, సంస్కృతం నుంచి అక్కడిదాకా వెళ్ళిన మాట. మొత్తం కలిపితే "నదికి ఎగువన, ఉత్తరాన ఉన్న ప్రాంతం" అని అర్థం వస్తుంది.

ఈ పేరు పెట్టినవాళ్ళు బంజర్మసిన్ రేవు వైపు నుంచి చూశారు. అక్కణ్ణుంచి చూస్తే ఇది ఎగువే. రోడ్డు మీద దాదాపు 190 కిలోమీటర్లు లోపలికి వెళ్ళాలి. తూర్పున ఉన్న మెరతుస్ కొండల మీద నిలబడి చూసేవారికి మాత్రం ఇది చుట్టుపక్కల అన్నిటికంటే పల్లంలో ఉన్న నేల. సముద్ర మట్టం కంటే కొద్ది మీటర్లే ఎత్తు. ఆ కొండల ఈ వైపున కురిసిన వాన ఇక్కడికి దిగి, కొన్నాళ్ళు నిలిచి, ఆ తర్వాతే ముందుకి కదులుతుంది. జిల్లాలో చాలా భాగం ఏడాదిలో కొన్ని నెలల పాటు నీళ్ళ కింద ఉంటుంది. ఆ నీటిని వరదగా చూడాలా, ఆస్తిగా చూడాలా అన్నది ఈ జిల్లాకి ఎప్పుడూ ఉన్న ప్రశ్న. పాలకులు నేల మీద గీతలు గీసి ఈ ప్రాంతాన్ని పంచుకున్నారు. బతుకు మాత్రం నీటి లెక్క ప్రకారమే సాగుతోంది. ఈ రెండు లెక్కలూ కుదరకపోవడమే ఇక్కడి చాలా కష్టాలకి మూలం.

జిల్లా ముఖ్యపట్టణం అముంతాయ్. ఉత్తరం నుంచి తబలోంగ్ నది, తూర్పు నుంచి బలంగాన్ నది వచ్చి ఈ ఊళ్ళోనే కలుస్తాయి. కలిసిన నది పేరు నెగారా. అది అలబియో మీదుగా కిందికి పోయి, మరబహాన్ దగ్గర బరితో అనే మహానదిలో కలుస్తుంది. వినడానికి మామూలు నదీ సంగమంలా ఉంటుంది కానీ చిక్కు వాలులో ఉంది. అముంతాయ్ నుంచి మరబహాన్ దాకా నేల దాదాపు చదును. వానాకాలంలో బరితో నిండుగా ఉంటే నెగారా నీళ్ళు అందులోకి దిగలేవు. పై నుంచి నీరు తోసుకొస్తుంది, కింద తలుపు మూసినట్టు ఉంటుంది. మధ్యలో ఉన్న జిల్లా పళ్ళెంలా నిండుతుంది.

ఇలాంటి నేలని అక్కడ రవా లెబాక్ అంటారు. రవా అంటే చిత్తడి నేల. సముద్రానికి దగ్గరగా ఉండే చిత్తడి నేలల్లో నీరు ఆటుపోట్లతో రోజూ లేచి దిగుతుంది. లెబాక్‌లో అలా కాదు, ఏడాదికి ఒక్కసారి లేచి ఒక్కసారి దిగుతుంది. నవంబరులో వానలు బలపడ్డాక నీరు నిండడం మొదలవుతుంది. ఏప్రిల్, మే దాటాక మెల్లగా తగ్గుతూ వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నాటికి లోతైన చోట్ల కూడా బురద బయటపడుతుంది. వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఈ నేలని మూడు రకాలు చేశారు. అర మీటరు లోపు నీరు మూడు నెలల లోపు నిలిస్తే మెరక లెబాక్. అర మీటరు నుంచి మీటరు దాకా, మూడు నుంచి ఆరు నెలలు నిలిస్తే నడిమి లెబాక్. మీటరు దాటి, ఆరు నెలలు దాటితే లోతు లెబాక్.

రైతులకి ఈ విభజన వేరే మాటల్లో ఎప్పటినుంచో తెలుసు. వాళ్ళు వతున్ అని లెక్కపెడతారు. నీరు ముందుగా వదిలే గట్టు పక్క నేల మొదటి వతున్. ఆ తర్వాత రెండోది, మూడోది, అందరికంటే ఆలస్యంగా బయటపడేది నాలుగోది. శాస్త్రజ్ఞుల లెక్క లోతుతో మొదలైతే రైతుల లెక్క వరసతో మొదలవుతుంది. ఎవరి మడి ముందు తేలుతుంది, ఎవరిది తర్వాత తేలుతుంది అన్నదే ఊళ్ళో అందరికీ కావలసిన సమాచారం. ఈ రెండో లెక్కే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే నాటు ఎప్పుడు వేయాలో అది చెబుతుంది.

నీటి వెనకాల నడిచే వరి

ఇక్కడ ఎక్కువగా వేసే పంట ఎండాకాలపు వరి. వానల కోసం ఎదురుచూసి నాట్లు వేసే అలవాటున్నవారికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. హులు సుంగై రైతు వానలు పోవడం కోసం ఎదురుచూస్తాడు. నీరు గట్టు దగ్గర వెనక్కి తగ్గగానే అక్కడ నాటు పడుతుంది. ఇంకొంచెం తగ్గితే దాని పక్కన. ఇలా నీటి అంచు వెంటే నడుస్తూ లోతుకి దిగుతారు. ఈ పంటని రింతాక్ వరి అంటారు. నీరు పెరుగుతున్నప్పుడు దానితో పాటే ఎదిగే పొడుగు రకాల్ని సురుంగ్ వరి అంటారు. రింతాక్, సురుంగ్ అనే ఈ రెండు మాటలూ అక్కడి రైతుకి రెండు పంటకాలాల పేర్లు.

నారు పోయడమే పెద్ద సమస్య. నారుమడికి పొడి నేల కావాలి, నాటు వేసే సమయానికి మడి బయటపడాలి. ఆ సమయానికి ఇంకా చుట్టూ నీళ్ళే ఉంటాయి కాబట్టి నీటి మొక్కల్ని తెప్పలా పోగుచేసి, పైన బురద పరిచి, తేలే నారుమడి కట్టుకుంటారు. నీరు లేచినా దిగినా మడి దానితోపాటే కదులుతుంది. దున్నడం కూడా పెద్దగా ఉండదు. తజాక్ అనే పొడుగాటి కత్తితో గడ్డిని మొదలంటా కోసి నీళ్ళలో కుళ్ళబెట్టి, తర్వాత దాన్నే ఎరువుగా చల్లుతారు. ఇక్కడి జాతి పేరు బంజర్. బంజర్ రైతులు ఈ పద్ధతిని పట్టుకుని చాలా దూరం వెళ్ళారు. సుమత్రాలో తెంబిలాహాన్ వైపు, మలేషియాలో పేరాక్ రాష్ట్రంలోని కెరియాన్ వైపు చిత్తడి నేలల్ని వరి పొలాలు చేసినవారిలో వీళ్ళు ముఖ్యులు. పుట్టిన ఊరు వదిలి సంపాదనకి వెళ్ళడాన్ని వాళ్ళు మదామ్ అంటారు.

వరికి ఉన్న గండం రెండో చివర ఉంటుంది. నాలుగో వతున్‌లో వేసిన పంట కోతకి రావాలంటే వానలు వేళకి రావాలి, ముందుగా రాకూడదు. కరువు ఏడాదిలో మెట్ట ప్రాంతాలు ఎండిపోతే లెబాక్‌కి కలిసొస్తుంది. లోతు నేలలు కూడా బయటపడి సాగుభూమి పెరుగుతుంది. అదే ఏడాది ఎండిన గడ్డికి నిప్పు అంటుకుంటే పొగ మొత్తం ప్రావిన్స్‌ని కప్పేస్తుంది. 2015, 2019 సంవత్సరాల్లో కలిమంతాన్ ఆ పొగలో ఉక్కిరిబిక్కిరి అయింది. ఇంకోవైపు ఎండాకాలంలోనూ వానలు పడే ఏడాది వస్తే నీరు దిగదు, మడి తేలదు, నాటే పడదు. పొలం ఉండి కూడా పంట లేని ఏడాది అది. విస్తీర్ణం లెక్కల్లో ఈ నేల ఎప్పుడూ ఒకేలా కనిపిస్తుంది. పంట లెక్కల్లో మాత్రం ఏడాదికో జిల్లాలా ఉంటుంది.

ఈత కొట్టే మందలు

జిల్లాకి పడమటి చివర పమింగిర్ అనే మండలం ఉంది. అక్కడ ఊళ్ళన్నీ నీళ్ళ మీద కర్రల మీదే నిలబడి ఉంటాయి. ఇంటి నుంచి ఇంటికి చెక్కల వంతెన, ఊరి నుంచి ఊరికి పడవ. ఇంత లోతు నీటిలో వరి పండించడం కష్టం కాబట్టి అక్కడివాళ్ళు గేదెల్ని పెంచుతారు.

తెలుగు నేల మీద కనిపించే ముర్రా లాంటి గేదెలు నది జాతికి చెందినవి. పమింగిర్ గేదెలు చిత్తడి జాతివి. రెంటికీ క్రోమోజోముల సంఖ్య కూడా తేడా: నది గేదెకి 50, చిత్తడి గేదెకి 48. చిత్తడి గేదె పాలు తక్కువ ఇస్తుంది. ఇక్కడ దాన్ని పెంచేది మాంసం కోసం, ఇంటి పొదుపు కోసం. పిల్ల పెళ్ళికో, హజ్ యాత్రకో డబ్బు కావలసినప్పుడు మందలోంచి ఒకదాన్ని అమ్ముతారు.

ఈ గేదెలు ఉండే కొట్టం పేరు కలాంగ్. నీటి మధ్యలో దుంగలు అడ్డంగా, నిలువుగా పేర్చి కట్టిన పెద్ద వేదిక అది. దానికి ఏటవాలుగా ఒక దారి ఉంటుంది. ఉదయం కట్లు తీయగానే గేదెలు వరసగా నీళ్ళలోకి దిగి, తలలు మాత్రం పైకి పెట్టి, గడ్డి ఉన్న చోటికి ఈదుకుంటూ వెళ్తాయి. సాయంత్రం కాపరి జుకుంగ్ అనే చిన్న పడవ వేసుకుని వెళ్ళి, వాటిని మళ్ళీ కలాంగ్ మీదికి తోలుకొస్తాడు. నీరు బాగా లోతుగా ఉన్న రోజుల్లో గేదెలకి గడ్డి అందదు. అప్పుడు కాపరులే గడ్డి కోసి పడవల్లో తెచ్చి వేస్తారు. ఎండాకాలంలో నీరు దిగి నేల బయటపడితే అవి నేల మీదే మేస్తాయి.

ఈ మేత బీడు ఎవరిది? కాగితం మీద చాలాచోట్ల ఎవరిదీ కాదు. ఊరివాళ్ళందరూ వాడుకునే ఉమ్మడి నీరు, ఉమ్మడి గడ్డి. వరి మడికి గట్టు ఉంటుంది, గట్టుకి హక్కుదారు ఉంటాడు. ఆరు నెలలు నీటి కింద ఉండే గడ్డికి పట్టా చూపించడం కష్టం. అందుకే చిత్తడి నేలని "ఖాళీ భూమి"గా చూసే ఏ ప్రణాళిక వచ్చినా మొదట నష్టపోయేది గేదెల కాపరే. ఖాళీగా కనిపించే ఆ నేల నిజానికి వందల కుటుంబాల పొదుపు పెట్టె.

చేపల సంగతీ ఇలాంటిదే. నీరు దిగేటప్పుడు చేపలు లోతు గుంటల్లోకి చేరతాయి. చిత్తడిలో ముందే తవ్వి పెట్టుకున్న గుంటల్ని బెజె అంటారు. వరద పోయాక గుంటలో మిగిలిన చేపలు ఆ గుంట తవ్వినవారివి. ఇక్కడివాళ్ళకి ఇష్టమైన చేప హరువాన్, అంటే మన కొర్రమీనే. పపుయు అనే చిన్న చేప తడి నేల మీద కూడా కాస్త దూరం పాకగలదు. తిన్నంత తిని మిగిలినవి ఎండబెట్టి అమ్ముతారు. ఈమధ్య కరెంటు షాకుతో చేపలు పట్టే చెడ్డ అలవాటు వచ్చింది. చట్టం ఒప్పుకోని పనే. పెద్ద చేపతో పాటు గుడ్డు, పిల్ల అన్నీ చచ్చిపోతాయి.

బుధవారం నాటి బాతుల సంత

అముంతాయ్ ఊళ్ళో బాతు విగ్రహం నిలబెట్టారు. ఈ జిల్లాకి బాతు చేసిన మేలు చూస్తే ఆ గౌరవం తగినదే. ఇక్కడి జాతిని అలబియో బాతు అంటారు. అలబియో అనేది సుంగై పండాన్ మండలంలోని సంత ఊరు. ఆ సంతలో అమ్ముడయ్యాయి కాబట్టి బాతులకి ఆ పేరు వచ్చింది. బుధవారం నాడు అక్కడ బాతుల సంత జరుగుతుంది. మంచి అలబియో బాతు ఏడాదికి 200 నుంచి 250 దాకా గుడ్లు పెడుతుంది. పొదగాలన్న ఆలోచన దానికి తక్కువ, అందుకే గుడ్ల కోసం పెంచేవాళ్ళకి అది ఇష్టం.

ఈ పనిలో గమనించవలసినది ఊళ్ళ మధ్య పని విభజన. ఒక ఊరు పొదిగించడానికి పనికొచ్చే గుడ్లని మాత్రమే ఉత్పత్తి చేస్తుంది. ఇంకో ఊరు వాటిని కొని పిల్లలు చేస్తుంది. దక్షిణ అముంతాయ్ మండలంలోని మమార్ గ్రామం పొదిగించే పనికి పేరుపొందింది. పిల్లల్ని కొని, గుడ్లు పెట్టే వయసు దాకా పెంచి అమ్మేవాళ్ళు మరికొందరు. తినే గుడ్ల కోసం పెంచేవాళ్ళు వేరు. పొదిగించడానికి పాత రోజుల్లో ఊక వేడిని వాడేవాళ్ళు, తర్వాత కిరోసిన్ దీపాల పెట్టెలు, ఇప్పుడు కరెంటు పెట్టెలు వచ్చాయి. 28 రోజుల లెక్క మాత్రం మారలేదు. ఏ ప్రభుత్వ పథకమూ ఈ గొలుసుని గీసి ఇవ్వలేదు. ఒక్క కుటుంబం అన్ని దశలనీ మోయలేదు కాబట్టి, నష్టాన్ని పంచుకోవడానికి ఊళ్ళే దాన్ని తయారుచేసుకున్నాయి.

బాతుల మేత కూడా చిత్తడిదే. నీళ్ళలో దొరికే నత్తలు, ఎండు చేపలు, వరి తవుడు, సాగో అనే తాటి జాతి చెట్టు మాను తురుము కలిపి పెడతారు. కాబట్టి నత్తలు తగ్గినా, సాగో చెట్లు నరికేసినా గుడ్డు ధర పెరుగుతుంది.

ఇంటి దగ్గర ఆడవాళ్ళు పురున్ అనే తుంగ రకంతో చాపలు అల్లుతారు. అముంతాయ్ ఒకప్పుడు లంపిత్ అనే పేము చాపలకి కేంద్రంగా ఉండేది. అవి జపాన్ దాకా వెళ్ళేవి. ఆ వ్యాపారం బాగా తగ్గిపోయింది. బాన్యు హిరాంగ్ లాంటి గ్రామాల్లో గుర్రపుడెక్క కాడల్ని ఎండబెట్టి సంచులు, బుట్టలు అల్లుతున్నారు. నదికి అడ్డంపడే కలుపు మొక్క వాళ్ళకి ముడిసరుకు అయింది. బాన్యు హిరాంగ్ అంటే నల్లనీరు. ఆకులు కుళ్ళి టీ డికాక్షన్ రంగుకి తిరిగే చిత్తడి నీటిని చూసినవారికి ఆ పేరు వెంటనే అర్థమవుతుంది.

కేలింగ్ నుంచి వచ్చిన వర్తకుడు

అముంతాయ్‌లో సుంగై మలాంగ్ అనే చోట చండి అగుంగ్ అనే పాత గుడి శిథిలం ఉంది. ఇప్పుడు మిగిలింది ఎక్కువగా ఇటుకల పునాదే. దాని చుట్టూ అల్లుకున్న కథ మాత్రం మొత్తం బంజర్ జాతికి మూలకథ. హికాయత్ బంజర్ అనే పాత మలయ్ గ్రంథం ఆ కథని ఇలా చెబుతుంది. కేలింగ్ దేశంలో ఒక ధనిక వర్తకుడు ఉండేవాడు. అతను చనిపోతూ తన కొడుకు ఎంపు జత్మికాకి ఒక మాట చెప్పాడు: ఈ దేశంలో ఉండొద్దు, మట్టి వేడిగా, సువాసనగా ఉన్న చోటు వెతుక్కుని అక్కడ స్థిరపడు అని. కొడుకు ఓడలు కట్టుకుని బయలుదేరి, బోర్నియో నదుల్లో పైకి వచ్చి, నెగారా దీపా అనే రాజ్యం పెట్టాడు. ఆ రాజ్యానికి కేంద్రం అముంతాయ్ అనీ, చండి అగుంగ్ అతను కట్టించినదే అనీ ఇక్కడివారి నమ్మకం.

తెలుగువారికి ఇక్కడ చెవులు నిక్కబొడుచుకుంటాయి. కేలింగ్ అనే మాట కళింగ నుంచి వచ్చింది. శ్రీకాకుళం నుంచి పైకి ఒడిశా తీరం దాకా ఉన్న పాత కళింగం నుంచి ఓడలు తూర్పు దీవులకి వెళ్ళేవి. ఆ తర్వాత మలయ్ భాషలో దక్షిణ భారతీయులందరికీ అదే పేరు అయింది. మలేషియాలో ఇవాళ ఆ మాటని అవమానంగా తీసుకుంటారు. ఇంతమాత్రం చేత ఎంపు జత్మికా కళింగం వాడని తేల్చెయ్యకూడదు. హికాయత్‌లో ఉన్న కేలింగ్ తూర్పు జావాలోని ఒక ప్రాంతం అని వాదించిన పండితులు ఉన్నారు. కథలో జావా ఆచారాలు, జావాలోని పాత రాజ్యమైన మజపహిత్ పేరు అంతటా కనిపిస్తాయి కాబట్టి ఆ వాదనకి బలం ఉంది. పేరు కళింగ నుంచి వచ్చింది, మనిషి జావా నుంచి వచ్చి ఉండవచ్చు అనుకోవడం ఎక్కువ నిజాయితీ. దీపా అన్న మాటలో ద్వీపం, నెగారా అన్న మాటలో నగరం వినిపిస్తాయి. సముద్రం దాటిన మాటలు ఎన్ని చేతులు మారి ఆ నది ఒడ్డుకి చేరాయో ఊహించుకోవచ్చు.

కథలో అంతకంటే లోతైన విషయం ఒకటుంది. ఎంపు జత్మికా రాజవంశం వాడు కాదు, వర్తకుడు. అందుకని తాను సింహాసనం ఎక్కకుండా, చందనపు బొమ్మ చేయించి దాన్నే రాజుగా నిలబెట్టాడు. తర్వాత అతని కొడుకు లంబుంగ్ మంకురాత్ తపస్సు చేస్తే నది నురగలోంచి ఒక రాకుమారి పైకి వచ్చింది. ఆమె పేరు పుత్రి జుంజుంగ్ బుయిహ్. మజపహిత్ నుంచి సూర్యనాతా అనే రాజకుమారుణ్ణి తెచ్చి ఆమెకి పెళ్ళి చేశారు. అలా రాజవంశం మొదలైంది. డబ్బుతో నేల దొరికింది కానీ రాచరికపు హక్కు నీటిలోంచే రావలసి వచ్చింది. చిత్తడిలో బతికినవాళ్ళు తమ రాజ్యానికి పునాది ఎక్కడ చూసుకున్నారో ఈ కథ చెబుతుంది.

ఆ తర్వాత రాజధాని నదితోపాటు కిందికి జరుగుతూ పోయింది. నెగారా దీపా పోయి, దిగువన నెగారా దహా వచ్చింది. చివరికి జావాలోని దెమాక్ రాజ్యం సాయంతో గెలిచి ఇస్లాం తీసుకున్న సుల్తాన్ సూరియాన్‌షా కాలంలో రాజధాని బంజర్మసిన్‌కి చేరింది. 1526 సెప్టెంబరు 24ని ఆ నగరం తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది. మిరియాల వర్తకం సముద్రం దగ్గర ఉంటే అధికారం కూడా అటే వెళ్ళింది. ఎగువ ప్రాంతం హులు సుంగై అన్న పేరుతో మిగిలింది. భాషలో కూడా ఆ గీత పడింది. బంజర్ భాషకి ఇవాళ హులు యాస, కువాలా యాస అని రెండున్నాయి. హులు ఎగువవాళ్ళది, కువాలా నది ముఖద్వారం వైపువాళ్ళది.

సుల్తాన్ల కాలంలో ఈ ప్రాంతాన్ని బనువా లిమా, అంటే ఐదు నాడులు అనేవాళ్ళు. అవి నెగారా, అలబియో, సుంగై బనార్, అముంతాయ్, కెలువా. 1859లో డచ్చివాళ్ళ మీద బంజర్ యుద్ధం మొదలైంది. మరుసటి ఏడాది డచ్చివాళ్ళు సుల్తాన్ రాజ్యాన్నే రద్దు చేశారు. యుద్ధం అక్కడితో ఆగలేదు. 1861లో బనువా లిమా గ్రామాల్లో జిక్ర్, అంటే అల్లా నామస్మరణ, చేసుకుంటూ తుపాకులకి ఎదురెళ్ళిన బరతిబ్ బఅమాల్ అనే భక్తి ఉద్యమం చెలరేగింది. మతం, చదువు ఇక్కడ అప్పటినుంచీ కలిసే నడిచాయి. 1922లో అముంతాయ్‌లో మొదలైన ఇస్లామిక్ పాఠశాల ఇప్పటికీ ఉంది, దాన్ని ముద్దుగా రఖా అంటారు. అక్కడ చదివి, తర్వాత దాన్ని నడిపించిన ఇద్‌హామ్ ఖాలిద్ నహ్దతుల్ ఉలమా అనే పెద్ద ముస్లిం సంస్థకి 1956 నుంచి 1984 దాకా అధ్యక్షుడు, దేశానికి ఉపప్రధానిగా కూడా పనిచేశాడు. 2016లో వచ్చిన 5,000 రూపియా నోటు మీద ఆయన బొమ్మే ఉంది.

కొండలు పోయాయి, నీళ్ళు మిగిలాయి

ఇండొనేషియాలో మన జిల్లాకి సమానమైనది కబుపాతెన్. దాని అధిపతి బుపాతి. ఆ మాట మన భూపతే. కింద కెచామతన్, అంటే మండలం లాంటిది, దానికి చామత్ అనే ప్రభుత్వ అధికారి ఉంటాడు. దాని కింద దేసా, అంటే గ్రామం. గ్రామపెద్దని ఊరివాళ్ళు ఎన్నుకుంటారు. పట్టణ వార్డు లాంటి కెలురహాన్‌కి మాత్రం ప్రభుత్వమే అధికారిని వేస్తుంది. బుపాతిని ప్రజలు నేరుగా ఎన్నుకోవడం 2005 నుంచి మొదలైంది. 2014 గ్రామ చట్టం తర్వాత ప్రతి దేసాకి కేంద్ర బడ్జెట్ నుంచి నేరుగా నిధులు వస్తున్నాయి.

హులు సుంగై ఉతారాలో పది మండలాలు, 200కి పైగా గ్రామాలు ఉన్నాయి. 2020 జనాభా లెక్కల్లో 2 లక్షల 26 వేల పైచిలుకు మంది. విస్తీర్ణం మాత్రం సుమారు 893 చదరపు కిలోమీటర్లే. ఇంత చిన్నది ఎందుకయిందో అర్థం కావాలంటే 1952కి వెళ్ళాలి. ఆ ఏడాది పెద్ద హులు సుంగై ప్రాంతాన్ని కందాంగన్ వైపు ఒకటి, అముంతాయ్ వైపు ఒకటి అని రెండు చేశారు. జిల్లా ఇవాళ్టికీ మే 1న ఆవిర్భావ దినం జరుపుకుంటుంది. అప్పట్లో అముంతాయ్ కింద కొండల దాకా నేల ఉండేది. 1965లో ఉత్తర భాగం తబలోంగ్ జిల్లాగా విడిపోయింది. 2003లో తూర్పు భాగం బలంగాన్ జిల్లాగా విడిపోయింది. ఇప్పటి హులు సుంగై ఉతారా కంటే తబలోంగ్ నాలుగు రెట్లు, బలంగాన్ రెండు రెట్లు పెద్దవి. అంటే పాత జిల్లాలో ఇప్పుడు మిగిలింది ఏడో వంతు. జనాభాలో మాత్రం ఈ ఏడో వంతు తబలోంగ్‌కి దాదాపు సమానంగా వస్తుంది.

విడిపోయినవాళ్ళ కోరికలో తప్పు లేదు. కొండ ఊళ్ళ నుంచి అముంతాయ్ ఆఫీసులకి రావడం కష్టం, పాలన దగ్గరగా కావాలన్నది న్యాయమే. కానీ గీత ఎక్కడ పడిందో చూడాలి. తబలోంగ్‌కి తంజుంగ్ చమురు క్షేత్రం వెళ్ళింది. తబలోంగ్, బలంగాన్ సరిహద్దులో 1990ల నుంచి బొగ్గు తవ్వే పెద్ద ఓపెన్‌కాస్ట్ గనులు ఉన్నాయి. రబ్బరు తోటలు, అడవి కూడా అటే. అముంతాయ్‌కి లెబాక్ మిగిలింది. 2022లో కొత్త చట్టం వచ్చేదాకా, 2004 చట్టం ప్రకారం గనుల రాయల్టీలో గని ఉన్న జిల్లాకి 32 శాతం, అదే ప్రావిన్స్‌లోని మిగతా జిల్లాలన్నిటికీ కలిపి ఇంకో 32 శాతం వెళ్ళేది. దక్షిణ కలిమంతాన్‌లో 13 జిల్లాలూ నగరాలూ ఉన్నాయి. గని ఉన్న జిల్లా ఒక్కటే తీసుకునేంత మొత్తాన్ని మిగతా పన్నెండూ పంచుకోవలసి వచ్చేది. గని ఎక్కడుందో చట్టం చూసింది. గని మీద పడ్డ వాన ఎటు పారుతుందో చూడలేదు.

అముంతాయ్‌లో కలిసే రెండు నదులూ ఆ విడిపోయిన జిల్లాల పేర్లతోనే ఉన్నాయి. తబలోంగ్ నది తబలోంగ్ నుంచి, బలంగాన్ నది బలంగాన్ నుంచి వస్తాయి. అక్కడ అడవి తగ్గితే, నేల తెరుచుకుంటే, నీరు వేగంగానూ ఒండ్రు ఎక్కువగానూ దిగుతుంది. అది వచ్చి చేరేది అముంతాయ్‌లో. 2021 జనవరిలో దక్షిణ కలిమంతాన్‌ని ముంచిన వరదల తర్వాత ఎగువ నేల వాడకం గురించి దేశమంతా చర్చ జరిగింది. హులు సుంగై ఉతారా బుపాతికి ఎగువ జిల్లాల్లో ఏ అధికారమూ లేదు. 1964లో అయితే ఆ కొండలు కూడా అముంతాయ్ ఆఫీసు కిందే ఉండేవి.

తన చేతిలో ఉన్నదాన్నైనా జిల్లా సరిగ్గా వాడుకుందా అంటే, అదీ పూర్తిగా లేదు. అలబియో దగ్గర సుమారు 6,000 హెక్టార్ల పోల్డర్ ఉంది. పోల్డర్ అంటే చుట్టూ కట్ట కట్టి, లోపలి నీటిని పంపులతో తోడి, ఏడాది పొడవునా పొలంగా మార్చే డచ్చివాళ్ళ పద్ధతి. కాగితం మీద ఇది లెబాక్ సమస్యకి తుది సమాధానం. నేల మీద పంపు ఆగితే పోల్డర్ ఆగినట్టే, డీజిల్ కావాలి, కాలవల పూడిక తీస్తూ ఉండాలి. కట్ట లోపలి రైతుకి నీరు పోవాలి, కట్ట బయట చేపలు పట్టేవాడికి నీరు ఉండాలి. వతున్ లెక్కలో ఒకరి తర్వాత ఒకరు నీటిని వాడుకునేవాళ్ళు, కట్ట కట్టాక ఎదురెదురుగా నిలబడవలసి వచ్చింది. పోల్డర్ వద్దని కాదు. దాన్ని కట్టడం కంటే ఏటేటా నిలబెట్టుకోవడమే పెద్ద పని అని ముందే ఒప్పుకుని డబ్బు, మనుషుల్ని కేటాయించి ఉండాల్సింది.

ఆ నిర్వహణ డబ్బే దొంగల పాలైతే ఏమవుతుందో కూడా జిల్లా చూసింది. 2021 సెప్టెంబరులో ఇండొనేషియా అవినీతి నిరోధక సంస్థ కెపికె అముంతాయ్‌లో సోదాలు చేసి ప్రజాపనుల శాఖ అధికారినీ కాంట్రాక్టర్లనీ పట్టుకుంది. కేసు చిత్తడి పొలాల సాగునీటి కాలవల మరమ్మతు పనుల్లో ముట్టిన లంచాల గురించి. నవంబరులో అప్పటి బుపాతిని కూడా నిందితుడిగా చేర్చారు. 2022లో కోర్టు జైలుశిక్ష వేసింది. లంచంగా పోయిన ప్రతి రూపియా ఏదో ఒక కాలవలో తీయని పూడికగా మిగులుతుంది.

వర్షాలు మొదలయ్యే రోజుల్లో జిల్లాలోని బబిరిక్, దనావ్ పంగాంగ్ మండలాల వైపు లోతు మడుల్లో వరి ఇంకా కోతకి రాకుండానే ఉండవచ్చు. అముంతాయ్‌లో ఎండ కాస్తూ ఉంటుంది, నది మాత్రం పెరుగుతూ ఉంటుంది. వాన మెరతుస్ మీద కురిసింది, ఆ నీరు పల్లానికి చేరడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ కొద్ది వ్యవధిలో రైతు ఒక నిర్ణయం తీసుకోవాలి. ఇంకో వారం ఆగితే గింజ గట్టిపడుతుంది, కానీ మడి మునిగిపోవచ్చు. ఇప్పుడే కోస్తే పచ్చి గింజ, తక్కువ ధర. చాలామంది పడవ తీసుకుని, కొడవలి పట్టుకుని, మోకాటి లోతు నీళ్ళలో దిగి సగం పండిన వరినే కోసుకొస్తారు.